నా దృక్పథం ఏమిటని అడిగితే

కిందటి వేసవిలో ఒకనాటి నా విద్యార్థిని ఫోను చేసింది. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఎం.ఏ. పూర్తిచేసి పరిశోధనలో చేరింది. మా జిల్లాలో విమర్శ రాసేవాళ్ళ మీద ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నానని చెప్పింది. “మాస్టారూ, మీ తత్త్వం, మీ విశ్వాసాలు, మీ అభిరుచులు ఒక్క పేజీలో రాసి పంపండి” అని అడిగింది.

ఒక్క పేజీ ఎంత పని అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా సభల్లో మాట్లాడుతున్నవాణ్ణి. దృక్పథం లేని రచన చుక్కాని లేని పడవ అని ఎందరు కొత్త కవులకు చెప్పానో లెక్కలేదు. ఆ సాయంత్రమే కూర్చుని పదకొండు వాక్యాలు రాశాను. నేను భౌతికవాదిని అన్నాను. సాహిత్యం ప్రజల పక్షాన నిలవాలని నమ్ముతాను అన్నాను. నేను కులాన్ని పాటించను అన్నాను. చివర అభిరుచులు అని రాసి, పద్యనాటకం, పాత హిందీ పాటలు, చదరంగం అని ముగించాను. కాగితాన్ని ఫొటో తీసి పంపించాను.

నాలుగు రోజుల తర్వాత అదే కాగితం ప్రింటు తీసి, మార్జిన్లో పెన్సిలుతో రాసి తిరిగి పంపింది. మూడు చోట్ల ప్రశ్నలున్నాయి. ‘భౌతికవాదిని’ పక్కన “ఎప్పటినుంచి?” అని వుంది. ‘ప్రజల పక్షం’ పక్కన “ఏ ప్రజలు?” అని వుంది. మూడో ప్రశ్న ‘కులాన్ని పాటించను’ అన్న వాక్యం పక్కన వుంది. అది కొంచెం పెద్దది. దాని సంగతి చివర చెబుతాను. దాన్ని దాటవెయ్యడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతేనే ఈ వ్యాసం తయారయింది.

పదకొండు వాక్యాలు రాసినవాడికి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం ఎందుకు కష్టమయింది? తన దృక్పథాన్ని తాను చెప్పుకోవడం అనే పనిలో ఏమేమి ఇమిడి వున్నాయి? రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ ఈ పని తప్పదు. ముందుమాటల్లో, ఇంటర్వ్యూల్లో, సభల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందుకని నాకు అర్థమైనంత మేరకు వివరిస్తాను.

1

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. మనం తత్త్వం, విశ్వాసం, అభిప్రాయం, దృక్పథం, అభిరుచి అనే మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం.

అభిప్రాయం అన్నిటికన్నా తేలికైనది. పొద్దున పత్రిక చదివి ఒకటి ఏర్పరచుకుంటాం, సాయంత్రం మిత్రుడితో వాదించి మార్చుకుంటాం. మార్చుకున్నందుకు మనకేమీ నష్టం వుండదు. విశ్వాసం అట్లా కాదు. దాన్ని నిలబెట్టుకోవాలంటే ఏదో ఒకటి చెల్లించాలి: డబ్బో, బంధుత్వమో, ఉద్యోగమో, కనీసం నలుగురిలో మంచివాడనిపించుకునే సుఖమో. ఏమీ చెల్లించకుండా ఏళ్ళ తరబడి నిలిచివున్న విశ్వాసాన్ని కొంచెం అనుమానించాలి. అది అభిప్రాయమే అయివుండవచ్చు.

ఇక దృక్పథం. చూపు నడిచే దారి అని ఆ మాటకు అర్థం. మన విశ్వాసాలన్నీ కుప్పపోస్తే దృక్పథం కాదు. వాటిలో ఏది ముందు, ఏది వెనక, రెండూ ఢీకొన్నప్పుడు దేన్ని వదులుకుంటాం అనే క్రమం ఏర్పడినప్పుడే అది దృక్పథం అవుతుంది. శాంతిని నమ్ముతాను, న్యాయాన్ని నమ్ముతాను అని ఎవరైనా రాయవచ్చు. ఊళ్ళో శాంతి నిలవాలంటే న్యాయం మాట్లాడకూడదు అనే రోజు వస్తుంది. ఆ రోజు ఏది ఎంచుకున్నాడో అదీ ఆ మనిషి దృక్పథం.

సంఘానికీ వ్యక్తికీ ఇక్కడ ఒక తేడా వుంది. 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సభ జరిగినప్పుడూ, 1943లో తెనాలిలో తెలుగు రచయితలు అభ్యుదయ రచయితల సంఘంగా కూడినప్పుడూ ప్రణాళికలు తయారయ్యాయి. ప్రణాళిక అంటే పదిమంది కలిసి మేం ఇటు నడుస్తాం అని చేసుకున్న ఒప్పుదల. అందులో భవిష్యత్తు వుంటుంది. వ్యక్తి తన దృక్పథం చెప్పేటప్పుడు గతం కూడా చెప్పాలి. ఎందుకంటే అతడు ఇప్పటికే నడిచి వచ్చినవాడు. నేను చేసిన మొదటి పొరపాటు ఇదే. సంఘం ప్రణాళికలోని వాక్యాలకు ‘మేము’ తీసేసి ‘నేను’ తగిలించి పంపించాను.

2

“ఎప్పటినుంచి?” అనే ప్రశ్న చూడటానికి చిన్నది. కాని అది విశ్వాసానికి చరిత్ర అడుగుతున్నది.

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన గొప్ప జవాబు భగత్ సింగ్‌ది. 1930 అక్టోబరులో లాహోర్ జైల్లో, ఉరిశిక్ష తప్పదని తెలిసి తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాడిగా, తాను నాస్తికుణ్ణి ఎందుకయ్యాడో ఆయన ఒక వ్యాసం రాశాడు. అది 1931 సెప్టెంబరులో, ఆయన్ను ఉరితీసిన ఆరు నెలల తర్వాత, లాహోరు నుంచి వెలువడే ‘ది పీపుల్’ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు.

ఆ వ్యాసం నిర్మాణాన్ని గమనించండి. దేవుడు లేడు అనే ప్రతిపాదనతో అది మొదలు కాదు. పేరు రావడంతో కళ్ళు నెత్తికెక్కి దేవుణ్ణి కాదంటున్నావని తోటివాళ్ళు వేసిన నిందతో మొదలవుతుంది. అంటే తన మీద వచ్చిన అన్నిటికన్నా బలమైన ఆక్షేపణను ముందు పెట్టుకున్నాడు. దాన్ని కోపంతో తోసిపుచ్చలేదు. నిజంగా నాలో అహంకారం వుందా అని తనను తాను పరీక్షించుకున్నాడు. ఆ తర్వాత చరిత్ర చెప్పాడు. తాతగారి ప్రభావంతో ఆర్యసమాజ వాతావరణంలో పెరిగిన సంగతి, లాహోరు బడిలో వున్న రోజుల్లో గంటల తరబడి గాయత్రి జపించిన సంగతి, విప్లవ పార్టీలో చేరాక చదువు పెరిగి సందేహాలు బలపడిన సంగతి, 1926 చివరికి తనకు ఆ విషయంలో నిశ్చయం ఏర్పడిన సంగతి వరసగా చెప్పాడు. 1927లో మొదటిసారి అరెస్టయినప్పుడు తన నిశ్చయాన్ని పరీక్షించుకున్న సంగతి కూడా దాచలేదు. దేవుణ్ణి నమ్మితే కష్టం తేలికవుతుందని తనకు తెలుసునని ఒప్పుకుంటూనే ఆ ఊరటను కాదనుకున్నాడు.

దీన్నుంచి మనం నేర్చుకోవలసింది నాస్తికత్వం ఒక్కటే కాదు. ఆస్తికుడైన పాఠకుడు కూడా ఆ వ్యాసం నుంచి ఒక పద్ధతి నేర్చుకోవచ్చు. నా విశ్వాసం మీద గట్టి ఆక్షేపణ ఏది? నేను ఏ దారిన ఇక్కడికి వచ్చాను? దీన్ని వదిలేస్తే నాకు కలిగే సుఖం ఏమిటి? ఈ మూడింటికీ జవాబు చెప్పిన విశ్వాసానికి పాఠకుడి ముందు నిలబడే అర్హత వస్తుంది.

దారి ఎప్పుడూ ఒకే దిక్కుకు పోదు. మనవాళ్ళలో చలం వున్నారు. ఆయన బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. మాబోటి బడిపంతుళ్ళకు ఆ సంబంధం కూడా వుంది. యవ్వనంలో బ్రహ్మసమాజం, ఆ తర్వాత 1927 నాటి ‘మైదానం’, పిల్లల్ని కొట్టవద్దని, లొంగదీయవద్దని పోరిన ‘బిడ్డల శిక్షణ’, 1950లో అరుణాచల ప్రయాణం, 1979లో అక్కడే మరణం. అభ్యుదయ విమర్శ ఆయన జీవితాన్ని 1950 దగ్గర రెండుగా కోసి మొదటి ముక్కను తీసుకుని రెండో ముక్క గురించి మాట్లాడటం మానేసింది. భక్తులు రెండో ముక్క తీసుకుని మొదటిదాన్ని పూర్వాశ్రమం అన్నారు. ఆ రెండింటికీ మధ్య వున్నది ఒకే మనిషి, ఒకే అన్వేషణ అని చలం తన గురించి తాను రాసుకున్నవి చదివితే తెలుస్తుంది. ఆయన చేరిన చోటుకు మనం చేరనక్కర్లేదు. కాని నమ్మకం మారినప్పుడు మారిందని చెప్పడం, పాతదాన్ని చెరిపెయ్యకుండా పక్కన వుంచడం ఆయన్నుంచి నేర్చుకోవచ్చు. అందుకే దృక్పథ ప్రకటన కింద తేదీ వెయ్యాలంటాను. తేదీ లేని దృక్పథం వేదవాక్యమని అనిపించుకోవాలని చూస్తుంది.

నా సంగతి? ఎప్పటినుంచి అన్న ప్రశ్నకు నిజాయితీగా వెతికితే, 2001లో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో మిత్రులందరూ భౌతికవాదులు కావడం వల్ల నేనూ అయ్యానని తేలింది. పుస్తకాలు ఆ తర్వాత చదివాను. మనం చాలామందిమి ముందు స్నేహం వల్ల నమ్ముతాం, ఆ తర్వాత తర్కం సమకూర్చుకుంటాం. అందులో సిగ్గుపడవలసింది లేదు. దాన్ని దాచి, పుట్టుకతోనే గతితర్కం తెలిసినట్టు రాయడమే సిగ్గుచేటు.

3

రెండో ప్రశ్న: “ఏ ప్రజలు?”

ఈ ప్రశ్న చదివినప్పుడు నాకు గురజాడ గుర్తొచ్చారు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమయింది, 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో పీఠిక రాశారు. ఆడపిల్లల అమ్మకం దురాచారం అని ఒక్క మాట అని వూరుకోలేదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా విజయనగరం మహారాజు తయారు చేయించారు. ఆ లెక్క 1034కు చేరిందని, అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు వున్నారని గురజాడ ఆ పీఠికలో చెప్పారు.

ఆ అంకెల్ని నేను పదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తాను. ‘స్త్రీల అణచివేతను వ్యతిరేకిస్తున్నాను’ అనే వాక్యానికీ, ‘ఏడాది పిల్లలు ముగ్గురు’ అనే వాక్యానికీ తేడా వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. మొదటిది దృక్పథం వుందని చెబుతుంది. రెండోది దృక్పథంతో చూస్తే ఏం కనిపించిందో చెబుతుంది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వ్యావహారిక భాష పక్షాన అసమ్మతి పత్రం సమర్పించినప్పుడు కూడా ఆయన నినాదం రాయలేదు. భాష చరిత్రనూ, వాడుకనూ, బోధననూ పట్టుకుని వాదించారు. విశ్వవిద్యాలయం ఆనాడు ఆయన మాట వినలేదు. మరుసటి ఏడాది ఆయన చనిపోయారు. మనం ఇప్పుడు రాసుకుంటున్న ఈ భాష మాత్రం ఆయన పక్షమే.

‘ప్రజలు’ అనే మాట మన పత్రికల్లో అరిగిపోయిన నాణెం. ఎంతకాలం చెల్లుబాటయిందో అంతకాలం దాని మీద బొమ్మ ఎవరిదో ఎవరూ చూడలేదు. 1993లో ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం వచ్చినప్పుడు స్త్రీలు చూశారు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చినప్పుడు దళిత కవులు చూశారు. మీరు ప్రజలు అన్నప్పుడు మేం అందులో ఎక్కడున్నాం అని అడిగారు. అప్పుడు మన అభ్యుదయ శిబిరంలో కొందరు ఇది ఐక్యతకు భంగం అన్నారు. ఈనాడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ ప్రశ్న మన విమర్శకు కొత్త నియమం ఒకటి ఇచ్చిందని నేననుకుంటాను. ఎటు చూస్తున్నావో చెప్పడం చాలదు, ఎక్కడ నిలబడి చూస్తున్నావో కూడా చెప్పాలి. చూపుకు దారి వున్నట్టే దానికి మొదలు కూడా వుంటుంది. ఆ మొదలు మన కులంలో, మన ఇంట్లో, మన జీతంలో, మనం ఆడా మగా అన్నదాంట్లో వుంటుంది.

నా పదకొండు వాక్యాల్లో నేను ఎక్కడ నిలబడ్డానో ఒక్క మాట లేదు. పైనుంచి ఎవరో దేవుడు చూస్తున్నట్టు రాశాను. భౌతికవాదిని అని చెప్పుకుంటూ!

4

అభిరుచుల గురించి ఆమె ఏమీ అడగలేదు. కాని అక్కడా ఒక సమస్య వుంది కాబట్టి చెబుతాను.

మనలో ఒక అలవాటు వుంది. విశ్వాసాలు ముందు పేజీలో గంభీరంగా రాస్తాం, అభిరుచులు చివర తోకలా తగిలిస్తాం, ఆ రెండింటికీ సంబంధం లేనట్టు. లేదా ఇంకో తీవ్రత: విశ్వాసానికి పనికిరాని అభిరుచి వుంటే దాన్ని దాచేస్తాం. నాకు పద్యనాటకం ఇష్టమని మొదటిసారి సభలో చెప్పడానికి పదేళ్ళు పట్టింది. ఫ్యూడల్ రుచి అంటారని భయం.

కొడవటిగంటి కుటుంబరావు గారి ఉదాహరణ నాకు ధైర్యమిచ్చింది. ఆయన భౌతికశాస్త్రం చదివినవారు, మార్క్సిస్టు, హేతువాది. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో వున్నారు. అదే మనిషి 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ భారం మోశారు. అందులో బేతాళుడున్నాడు, రాక్షసులున్నారు, మంత్రాలున్నాయి. సంగీతం మీదా, సినిమా మీదా, సైన్సు మీదా కూడా రాశారు. హేతువాది దయ్యాల కథలు పిల్లలకు ఎట్లా ఇచ్చాడు అని అడిగేవాళ్ళున్నారు. ఆ కథల్లో దయ్యాన్ని నమ్మమని ఎవరూ చెప్పరు. బేతాళుడు ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు ఆలోచించి జవాబు చెప్పాలి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. దీన్ని మించిన హేతువాద శిక్షణ పిల్లలకు ఇంకేముంటుంది?

నేను చెప్పదలచినది, అభిరుచి దృక్పథానికి లొంగిపోనక్కర్లేదు, అట్లాగని దానికి పరాయిదీ కాదు. మనకు ఇష్టమైనదాంట్లో ఏముందని ఇష్టపడుతున్నామో విడమర్చి చూసుకోవాలి. పద్యనాటకంలో నాకు రాజులు ఇష్టం కాదు. గ్రామంలో చదువురాని మనిషి రాత్రంతా కూర్చుని పద్యం విని, తప్పు పాడితే కేకవేసి ఆపే అధికారం ఇష్టం. ఆ మాట రాస్తే అభిరుచి కూడా దృక్పథంలో భాగమవుతుంది. ‘పద్యనాటకం’ అని ఒక్క మాట రాస్తే అది పెళ్ళిచూపుల్లో చెప్పే హాబీ అవుతుంది.

5

ఇక మూడో ప్రశ్న. దానికి ముందు వీరేశలింగం గారి గురించి ఒక మాట చెప్పాలి.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పెళ్ళి తర్వాత ఊరు వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. వీరేశలింగం ‘స్వీయ చరిత్రము’లో సిద్ధాంత చర్చ కన్నా ఇటువంటి సంఘటనలే ఎక్కువ. ఆయన నమ్మకాలేమిటో అవే చెబుతాయి. అయితే ఇందులో మరో పాఠం కూడా వుంది. విశ్వాసానికి వెల చెల్లించాలి అన్నాను కదా. ఆ వెలలో ఎంత భాగం మనం చెల్లిస్తున్నాం, ఎంత భాగం మన ఇంట్లోవాళ్ళు, మన పక్కవాళ్ళు చెల్లిస్తున్నారు? వీరేశలింగం గారి విశ్వాసం బిందె రాజ్యలక్ష్మమ్మ గారి భుజం మీద వుంది. విశ్వాసం నిలబెట్టుకోనప్పుడు కూడా ఎవరో ఒకరు వెల చెల్లిస్తారు. నా కథ ఈ రెండో రకం.

‘నేను కులాన్ని పాటించను’ అన్న వాక్యం పక్కన ఆమె రాసింది ఇది: “2012లో మా అమ్మ బడిలో వంట చేసిన రోజుల్లో మీరు బాక్సు తెచ్చుకునేవారు మాస్టారూ. అది ఈ పదకొండు వాక్యాల్లో ఏ వాక్యం కిందికి వస్తుంది?”

చదువరులకు కొంత పూర్వరంగం చెప్పాలి. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. మన రాష్ట్రంలో అది 2003 జనవరిలో మొదలయింది, 2008లో ఉన్నత పాఠశాలలకూ వచ్చింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు చెప్పింది. పిల్లలందరూ ఒక వరసలో కూర్చుని ఒకే అన్నం తినడం సామాన్యమైన విషయం కాదని ఆ ఆదేశం రాసినవాళ్ళకు తెలుసు.

2012 జూలైలో మా బడిలో వండే మనిషి మానేస్తే, దళితవాడ నుంచి ఈ అమ్మాయి తల్లి వచ్చింది. నెలకు 1000 రూపాయల గౌరవ వేతనం. మూడో రోజున పదిహేనుమంది పిల్లలు పళ్ళేలు తీసుకోలేదు. నాలుగో రోజున ఇళ్ళ నుంచి బాక్సులు వచ్చాయి. ఆ పదిహేనుమందిలో సగం మంది నేను పుట్టిన కులం పిల్లలు. వారం తిరిగేసరికి పెద్దమనుషులు కొందరు బడికి వచ్చి కూర్చున్నారు. మర్నాడు మేం ఉపాధ్యాయులం సమావేశమయ్యాం. తలా ఒక మాట చెప్పమన్నారు. నా వంతు వచ్చినప్పుడు, పిల్లల చదువు పాడవకుండా చూద్దాం అన్నాను. అది ఎటువైపు మాటో అక్కడున్న అందరికీ అర్థమయింది. ఆమెను గిన్నెలు కడగడానికి, బియ్యం ఏరడానికి మార్చారు. వేరే ఆమె వండింది. ఊళ్ళో శాంతి నిలిచింది. దీన్ని సర్దుబాటు అన్నాం.

ఆమె వండింది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకున్నాను. నాకు 2010 నుంచి కడుపులో మంట వుంది, అందుకని తెచ్చుకునేవాణ్ణి. ఇది అబద్ధం కాదు. కాని నిజం కూడా దాక్కోవడానికి పనికొస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క రోజు, పిల్లల ఎదుట వరసలో కూర్చుని, ఒక్క ముద్ద తింటే నా ప్రాణం పోయేది కాదు. బాక్సు తెచ్చుకున్న పిల్లలు నా బాక్సును చూశారు. ఏడో తరగతి వరసలో కూర్చున్న ఈ పిల్ల కూడా చూసింది. ఆ నెలలోనే ఖాళీ పీరియడ్లలో నేను జాషువా ‘గబ్బిలం’ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. స్టాఫ్ రూములో ఒకే బల్ల మీద ఆ కాగితాలూ, ఆ బాక్సూ వుండేవి. వ్యాసం బాగుందని తర్వాత పలువురు మెచ్చుకున్నారు.

ఆమె ప్రశ్నకు జవాబుగా మొదట పొడుగాటి ఉత్తరం రాయబోయాను. పరిస్థితులు, కడుపు మంట, కొత్త ఉద్యోగం, ఊరు. రెండు పేజీలు రాసి చదువుకుంటే, మన కథల్లో మనం ఎగతాళి చేసే మధ్యతరగతి పాత్ర మాట్లాడుతున్నట్టుంది. చింపేశాను. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి టీ పెట్టి ఇచ్చింది. తాగాను. చెప్పవలసింది చెప్పాను. “అదంతా అయిపోయిందిలే సారూ” అంది. కుర్చీ చూపించి కూర్చోమంటే కూర్చోలేదు. నేనున్నంతసేపూ గుమ్మానికి ఆనుకుని నిలబడే వుంది. కూతురు ఏమీ మాట్లాడలేదు. నేను వెళ్ళినందువల్ల ఆ తొమ్మిది రోజులు మారవు. ఆమె పోగొట్టుకున్న వంట తిరిగిరాదు. టీ తాగడం అనేది నేను పదేళ్ళ కిందట తినవలసిన ముద్దకు బదులు కాదు.

6

ఇప్పుడు ఆ కాగితాన్ని మళ్ళీ రాశాను. పదకొండు వాక్యాల్లో ఐదు తీసేశాను. తీసేసినవి అబద్ధాలని కాదు, వాటికి నా దగ్గర సాక్ష్యం లేదని. ‘నేను కులాన్ని పాటించను’ అన్న వాక్యం చోట ఇట్లా వుంది: ‘కులం అన్యాయమని 2001 నుంచి నమ్ముతున్నాను. 2012లో మా బడిలో దాన్ని ఎదిరించవలసిన చోట ఎదిరించలేదు. దాని వెల నేను కాక వేరొకరు చెల్లించారు. ఇప్పుడు మధ్యాహ్నం పిల్లలతో కలిసి తింటున్నాను.’ చివరి వాక్యం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆలస్యంగా చేసిన పని గొప్పగా చెప్పుకోవడం అవుతుందేమోనని. కాని చేస్తున్నది రాస్తే రేపు మానేసినప్పుడు అడిగేందుకు పాఠకుడికి హక్కు వుంటుందని వుంచాను.

సాహిత్య విద్యార్థులు ఇతరుల దృక్పథాన్ని అంచనా కట్టేటప్పుడు కూడా ఈ ప్రశ్నలే పనికొస్తాయి. ఈ రచయిత ఈ నమ్మకానికి ఏ దారిన వచ్చాడు? ఎక్కడ నిలబడి చూస్తున్నాడు, ఆ చూపుకు కనిపించినవి అంకెల్లో, మనుషుల్లో ఎక్కడైనా వున్నాయా? ఏది చెల్లించాడు, ఎవరిచేత చెల్లింపజేశాడు? ఇష్టపడేవాటికీ నమ్మేవాటికీ మధ్య తలుపు తెరిచి వుందా, మూసి వుందా? వీటికి జవాబు దొరక్కుండా, ముందుమాటలో ఫలానా వాదం అని వుంది కాబట్టి ఫలానా వాది అని రాసెయ్యడం విమర్శ కాదు, హాజరుపట్టీ.

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ఇట్లా ప్రతివాడూ తన తప్పులు చెప్పుకుంటూ కూర్చుంటే అది ఒప్పుకోలు సాహిత్యం అవుతుంది, ఉద్యమానికి ఏం లాభం అని అడుగుతారు. ఆ ప్రమాదం వుంది. తప్పు చెప్పుకోవడంలో కూడా ఒక రకమైన ఆడంబరం వుంది. దాన్ని నేను పూర్తిగా తప్పించుకున్నానని అనను. కాని ఎదుటివాళ్ళు మనల్ని నమ్మడం మానేసినప్పుడు ఉద్యమానికి జరిగే నష్టంతో పోలిస్తే ఈ ప్రమాదం చిన్నది. ఏడో తరగతి పిల్ల చూసి, ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకుని, పెన్సిలుతో రాసింది. అట్లా చూసినవాళ్ళు, రాయనివాళ్ళు మన చుట్టూ ఎందరున్నారో!

మళ్ళీ రాసిన కాగితం ఆమెకు పంపించాను. కింద తేదీ వేశాను. ఈసారి మార్జిన్ కొంచెం ఎక్కువగా వదిలాను.